ఆ ఒక్క కూత కోసం...

విశాఖ రామకృష్ణా బీచ్‌లో ఒడ్డున నిలబెట్టిన కురుసుర జలాంతర్గామిని చూడనివాళ్లు ఉత్తరాంధ్రలో అరుదు. స్కూలు విహారయాత్రకో, అరకు వెళ్తూ దారిలోనో, పెళ్లికొచ్చిన చుట్టాలకి ఊరు చూపించే మిషతోనో ఒక్కసారైనా దాని కడుపులోకి దూరి వస్తారు. 91 మీటర్ల పొడవున్న ఆ ఉక్కు చేప 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరింది. 2001లో విశ్రాంతి తీసుకుంది. 2002 నుంచి మ్యూజియం. లోపల పిల్లలంతా ఎగబడేది పెరిస్కోపు దగ్గర, టార్పెడో గొట్టాల దగ్గర. సోనార్ పరికరాల ముందు మాత్రం ఎవరూ పెద్దగా ఆగరు. అక్కడ చూడటానికేముంది? నాలుగు మీటర్లు, నాలుగు మీటలు!

నిజానికి నీళ్లలోకి దిగాక ఆ ఓడంతటికీ ప్రాణం ఆ మూలే. లోతుకు వెళ్లిన జలాంతర్గామికి కళ్లు పనిచేయవు. వెలుతురు కొన్ని పదుల మీటర్లు దిగేసరికే ఆరిపోతుంది. రేడియో తరంగాల్ని ఉప్పునీరు మింగేస్తుంది. మిగిలేది శబ్దం ఒక్కటే. గాలిలో సెకనుకు 340 మీటర్లు పోయే శబ్దం సముద్రంలో 1,500 మీటర్లు పోతుంది. అందుకే జలాంతర్గాముల్లో పనిచేసేవారికి విశాఖలోని ఐఎన్ఎస్ శాతవాహనలో ఇచ్చే శిక్షణలో వినడమన్నది ఒక విద్య. చెవి తిరిగినవాళ్లు ఓడ ప్రొపెల్లర్ చప్పుడుని బట్టి దానికెన్ని రెక్కలున్నాయో, సరుకు ఓడో యుద్ధనౌకో చెప్పేస్తారు. రోలింగ్ మిల్లు లాంటి చోట అనుభవమున్న ఫిట్టర్ స్క్రూడ్రైవర్ ఒక కొస బేరింగ్ మీదా, రెండో కొస చెవి దగ్గరా పెట్టుకుని ‘ఇది ఎక్కువ రోజులు నడవదు’ అంటాడు చూడండి, అలాంటి విద్యే ఇది.

అయితే మనిషి చెవికి ఎంత సాము చేయించినా వినబడని శబ్దాలు కొన్నుంటాయి. వాటిలో ఒకదాని మీద ఒక్కోసారి కొన్ని కుటుంబాల బతుకులు ఆధారపడతాయి.

అది సెకనుకు 37,500 కంపనాల శబ్దం. అంటే 37.5 కిలోహెర్ట్జ్.

మనకి వినిపించేది మహా అయితే 20 కిలోహెర్ట్జ్ వరకు. వయసు మళ్లితే అదీ లేదు. విమానాల్లో ‘బ్లాక్ బాక్సు’ అనే నారింజరంగు పెట్టె ఉంటుందని అందరికీ తెలుసు. దానికి అంటిపెట్టుకుని చిన్న టార్చిలైటంత గొట్టం ఒకటుంటుంది. పేరు బీకన్. విమానం నీళ్లలో పడిందనుకోండి, నీరు తగలగానే అది నిద్రలేస్తుంది. సుమారు సెకనుకోసారి, సెకనులో నూరోవంతు సేపు, ఆ 37.5 దగ్గర ఒక కూత వేస్తుంది. మళ్లీ మౌనం. మళ్లీ కూత. పాత బీకన్లలో బ్యాటరీ 30 రోజులు పనిచేసేది. ఆ నెల రోజుల్లో ఎవరైనా విన్నారా సరే, లేదంటే ఇక అంతే. బంగాళాఖాతంలో తిరిగే డాల్ఫిన్లకు ఆ కూత శుభ్రంగా వినబడుతుంది. వినాల్సిన మనిషికి మాత్రం వినబడదు. అందుకే ఆ పని యంత్రానికి, ఆ యంత్రంలోని ప్రోగ్రాముకి అప్పజెప్పాలి.

ఇది కాగితం మీద సంగతి కాదని 2015లో తెలిసింది. ఆ ఏడాది జూన్ 8 రాత్రి తమిళనాడు తీరంలో గస్తీ ముగించుకుని చెన్నై తిరిగొస్తున్న తీరరక్షక దళం డోర్నియర్ విమానం రాడార్ తెర మీంచి మాయమైంది. అందులో ముగ్గురున్నారు. ఓడలు, విమానాలు వారాల తరబడి గాలించాయి. నీటిపైన ఏమీ దొరకలేదనే చెప్పాలి. వెతికే పనిలోకి ఐఎన్ఎస్ సింధుధ్వజ్ అనే జలాంతర్గామిని కూడా దించారు. జులై మొదటి వారంలో దాని సోనార్‌కి ఆ 37.5 కూత అందింది. జూన్ 8 నుంచి 30 రోజులు లెక్కేసుకోండి, బీకన్ గొంతు ఆగిపోయే గడువుకి అది ఎంత దగ్గరో తెలుస్తుంది! ఆ కూత వచ్చిన వైపు వెతికితే, జులై 10న కడలూరు దగ్గరి సముద్రంలో సుమారు కిలోమీటరు లోతున విమానం రికార్డరు దొరికింది, శిథిలాలు కనిపించాయి. ముగ్గురూ ప్రాణాలతో తిరిగి రాలేదు. కానీ ఏమైపోయారన్న ప్రశ్న ఆ ఇళ్లలో నెలరోజుల్లో తీరింది.

సింధుధ్వజ్ మన విశాఖకు కొత్తదేం కాదు. 35 ఏళ్లు పనిచేసి 2022 జులై 16న ఇక్కడే సేవల నుంచి విరమించింది. మనదేశంలో తయారైన ‘ఉషస్’ సోనార్‌ని అమర్చుకుని పనిచేయించిన జలాంతర్గామిగా నౌకాదళంలో దానికి పేరుంది. ఆ సోనార్‌ని రూపొందించింది కొచ్చిలోని రక్షణ పరిశోధనశాల. శబ్దాన్ని పట్టుకుని వెంటాడే టార్పెడోలకు రూపకల్పన చేసేదేమో మన విశాఖలోనే, 1969లో మొదలైన ఎన్ఎస్‌టీఎల్‌లో. ఏతావాతా నీటి అడుగు చప్పుళ్ల మీద ఇంత శ్రద్ధ ఉన్న ఊరు దేశంలో మరొకటి వెతకాలంటే కష్టమే.

మరి ఆ కూతని పట్టడం ఎలా?

విశాఖ పోర్టులో ఇనుప ఖనిజం కన్వేయర్ బెల్టు మీద ఎలా వస్తుందో ఊహించుకోండి. బెల్టు ఆగదు. దాని పక్కన నిలబడ్డ మనిషి ఆ రాళ్లలోంచి ఒకే ఒక రకం రాయిని ఏరాలి. ‘కాస్త ఆపండి, చూసుకుంటాను’ అంటే కుదరదు. నీటిలో వేలాడే మైకు నుంచి వచ్చే శబ్దమూ అంతే. రికార్డు చేసి ఇంటికి తెచ్చి తీరిగ్గా వినడం వేరు, వస్తుండగానే పట్టడం వేరు. కంప్యూటర్ ఆ శబ్దాన్ని అంకెలుగా మార్చుకుంటుంది. 37,500 కంపనాలున్న శబ్దాన్ని పట్టాలంటే సెకనుకి కనీసం 75,000 సార్లకు మించి కొలవాలి. మన లెక్కకి 1,50,000 సార్లు కొలుస్తున్నామనుకుందాం. కూత నిడివి సెకనులో నూరోవంతు కాబట్టి, 1,500 అంకెలకి ఒక మూట కట్టాలి. తర్వాతి మూట వచ్చేలోగా ఈ మూట సంగతి తేల్చేయాలి. అంటే సెకనుకి వంద మూటలు!

ఆ మూటలో మన కూత ఉందో లేదో తేల్చడానికి 1958లో జెరాల్డ్ గోర్ట్‌జెల్ అనే ఆయన ఓ చక్కటి ఉపాయం చెప్పాడు. దాన్ని అర్థం చేసుకోవడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. అట్లతద్దినాడు ఉయ్యాల ఊపినవాళ్లందరికీ ఆ కిటుకు తెలుసు. ఉయ్యాల వెనక్కి వచ్చి ఆగిన క్షణాన చిన్నగా తోస్తే చాలు, ప్రతి తోపుకీ ఇంకాస్త పైకి పోతుంది. లయ తప్పి ఎంత బలంగా తోసినా ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి పడి ఆ తోపులన్నీ ఒకదాన్నొకటి తినేస్తాయి. గోర్ట్‌జెల్ చేసిందేమిటంటే 37,500 లయకి మాత్రమే ఊగే ఉయ్యాల ఒకటి అంకెలతో కట్టడం. మైకు నుంచి వచ్చే ప్రతి అంకే ఒక తోపు. 1,500 తోపులయ్యాక ఉయ్యాల ఎంత ఎత్తున ఉందో చూడాలి. బాగా పైన ఉందా, కూత ఉన్నట్లే. కిందే తచ్చాడుతోందా, అది వట్టి సముద్రపు గోల.

లెక్క చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. కొత్త అంకెకి, దాని ముందు వచ్చిన ఫలితాన్ని ఒక స్థిరసంఖ్యతో గుణించి కలపాలి, అంతకు ముందు ఫలితాన్ని తీసేయాలి. అంతే! రెండంటే రెండు పాత ఫలితాలు గుర్తుంటే చాలు. ఇందులో ఒక చమత్కారం ఉంది. కొలతల వేగం సరిగ్గా కూతకు నాలుగు రెట్లుంటే, అంటే మనం అనుకున్న 1,50,000 అయితే, ఆ స్థిరసంఖ్య సున్నా అయిపోతుంది. గుణకారమే అక్కర్లేదు. కూడిక, తీసివేత వచ్చిన మూడో తరగతి పిల్లాడు కూడా చేసే పని. ఆఖర్న మిగిలిన రెండు ఫలితాలనూ విడివిడిగా వర్గం చేసి కలిపితే ఉయ్యాల ఎత్తు తేలుతుంది. చవకరకం చిప్పు మీద కూడా ఈ లెక్క ఆడుతూ పాడుతూ నడుస్తుంది.

ఇదే ఉపాయాన్ని మనం తెలీకుండా ఎన్నోసార్లు వాడుకున్నాం. గ్యాస్ బుకింగ్‌కి ఫోన్ చేస్తే ‘తెలుగు కోసం ఒకటి నొక్కండి’ అంటుంది కదా. ఒకటి నొక్కితే 697, 1,209 కంపనాల శబ్దాలు రెండూ కలిసి మోగుతాయి. అయిదు నొక్కితే 770, 1,336. అవతలి యంత్రం ఏడెనిమిది ఉయ్యాలలు కట్టుకుని కూర్చుంటుంది, ఏ రెండు ఊగాయో చూసి అంకె పోల్చుకుంటుంది. టీవీ మోగుతున్నా, పక్కన కుక్కరు కూస్తున్నా తడబడదు.

సముద్రంతో మాత్రం ఇంత తేలిక కాదు. ఫోన్లో మీట నొక్కిన శబ్దం గట్టిగా వస్తుంది. ఇక్కడ కూత కిలోమీటర్ల అవతలి నుంచి నీరసించి వస్తుంది. పైగా మన తీరంలాంటి వెచ్చటి నీళ్లలో చిటికెలు వేసే ఒకరకం రొయ్యలుంటాయి. వేడి నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు రాత్రింబవళ్లు ఒకటే గోల. ఆ చిటపటలో అన్ని రకాల కంపనాలూ ఉంటాయి, మన 37.5తో సహా. చేపల గుంపుల కోసం పడవలు వాడే ఎకోసౌండర్లు కొన్ని 38 కిలోహెర్ట్జ్ దగ్గర కూస్తాయి. ఇల్లు పక్కిల్లు అన్నట్లే. వీటన్నిటి మధ్య ‘అదిగో’ అన్న ప్రతిదానికీ పరుగెత్తితే గుండె ఆగిపోతుంది.

అందుకని ఉయ్యాల ఎంత ఎత్తున ఉందన్నది ఒక్కటే చూస్తే సరిపోదు. దానికి అటూ ఇటూ ఇంకో నాలుగు ఉయ్యాలలు కట్టి, వాటికన్నా ఇది ఎన్ని రెట్లు ఎక్కువ ఊగిందో చూడాలి. రొయ్య చిటికేస్తే అన్నీ కలిసి ఊగుతాయి. బీకన్ కూస్తే ఒక్కటే ఊగుతుంది. వినే ఓడ కదులుతూ ఉంటే కూత కూడా కాస్త జరుగుతుంది. రైలు దగ్గరికొస్తున్నప్పుడు కూత సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినబడినట్టే. సెకనుకి 3 మీటర్ల వేగంతో వెళ్తున్న ఓడకి 37,500 కాస్తా 37,575 అవుతుంది. మూట మరీ పెద్దది కట్టామా, అప్పుడు ఇంకో చిక్కు. ఒక సెకను మొత్తం కలిపి లెక్కేస్తే కంపనాల తేడా కచ్చితంగా తెలుస్తుంది కానీ, అందులో కూత ఉన్నది నూరోవంతే. మిగతా తొంభైతొమ్మిది వంతుల గోలలో అది కలిసిపోతుంది. బిందెడు నీళ్లలో చెంచాడు పంచదారే!

ఇక గీత ఎక్కడ గీయాలన్న ప్రశ్న. సెకనుకు వంద మూటలంటే రోజుకి 86,40,000 మూటలు. మన ప్రోగ్రాము లక్షకి ఒక్కసారే పొరబడుతుందనుకుందాం. వినడానికి భేషుగ్గా ఉంది. అయినా రోజుకి 86 సార్లు ఉత్తుత్తి గంట మోగుతుంది. ఎన్నిసార్లు ఓడని వెనక్కి తిప్పుతారు? గీతని పైకి జరిపితే ఉత్తుత్తి గంటలు పోతాయి, దాంతోపాటు నీరసంగా వస్తున్న అసలు కూత కూడా పోతుంది. ఇక్కడే బీకన్‌కున్న ఇంకో లక్షణం అక్కరకొస్తుంది. అది గడియారంలా సెకనుకోసారి కూస్తుంది. కాబట్టి గీతని కాస్త కిందే ఉంచి, ఒకసారి వినబడితే నమ్మకుండా సరిగ్గా సెకను తర్వాత మళ్లీ వినబడిందా, ఆ తర్వాత సెకనులో మళ్లీ వినబడిందా అని చూస్తే సరి. రొయ్యలకి గడియారం ఉండదు కదా. ఇదంతా చూస్తే యంత్రానికి వినడం నేర్పడం కన్నా దేన్ని నమ్మకూడదో నేర్పడమే కష్టమైన పని.

ఆ పొరబాటు ఎంత ఖరీదైనదో 2014లో ప్రపంచమంతా చూసింది. మార్చి 8న 239 మందితో మాయమైన మలేసియా విమానం కోసం హిందూ మహాసముద్రంలో వెతుకుతుంటే, ఏప్రిల్‌లో ఆస్ట్రేలియా ఓడ ఓషన్ షీల్డ్‌కి కూతలు వినిపించాయి. ఒకసారైతే రెండు గంటలకు పైగా. టీవీల్లో గంట గంటకీ ఆశలు. అయితే ఆ కూత ఉన్నది 37.5 దగ్గర కాదు, 33 చుట్టూ. అయినా బీకన్ దెబ్బతిని గొంతు మారిందేమోనన్న ఆశతో అక్కడే సముద్రం అడుగుని నీటియంత్రంతో వారాలపాటు గాలించారు. మే నెలాఖరుకి అక్కడ విమానం లేదని తేల్చేశారు. బీకన్ల బ్యాటరీలు అప్పటికే అయిపోయాయి. ఆశ ఉన్నప్పుడు చెవికి కూడా కావలసిందే వినబడుతుందేమో, పెద్ద పెద్ద నిపుణులకైనా!

2016లో ఈ కథ విశాఖ గుమ్మంలోకే వచ్చింది.

విశాఖలో ఎన్ఏడీ జంక్షన్ తెలియనివాళ్లుండరు. బస్సు కండక్టర్లు రోజుకి వందసార్లు అరిచే పేరు. ఆ మూడక్షరాలు నావల్ ఆర్మమెంట్ డిపోవని, నౌకాదళానికి ఆయుధాలు చూసిపెట్టే చోటని చాలామందికి గుర్తుండదు. ఆ డిపోలో పనిచేసే ఎనిమిది మంది సివిల్ ఉద్యోగులు విధినిర్వహణ మీద పోర్ట్ బ్లెయిర్ వెళ్లడానికి 2016 జులై 22 ఉదయం చెన్నై దగ్గరి తాంబరంలో వాయుసేన ఏఎన్-32 విమానం ఎక్కారు. మొత్తం 29 మంది. బయల్దేరిన గంటలోపే విమానం బంగాళాఖాతం మీద రాడార్‌కి అందకుండా పోయింది.

ఓడలు వెళ్లాయి, విమానాలు వెళ్లాయి, జలాంతర్గామి వెళ్లింది, సముద్ర పరిశోధన నౌకలూ వెళ్లాయి. విశాఖలో ఎనిమిది ఇళ్లు టీవీల ముందు, ఫోన్ల ముందు కూర్చున్నాయి. ఏడాది కిందట డోర్నియర్‌ని పట్టిచ్చిన విద్య ఇక్కడ అక్కరకు రాలేదు. ఆ విమానంలో నీటి అడుగున కూసే బీకన్ లేదని అప్పట్లోనే వార్తలొచ్చాయి. ఉన్నవి ప్రమాదం జరిగితే రేడియో సంకేతం పంపే పరికరాలు. అవి నేల మీదైతే బ్రహ్మాండంగా పనిచేస్తాయి. మునిగిపోతే ఆ రేడియోని ఉప్పునీరు మింగేస్తుందని ముందే చెప్పుకున్నాం. ఎంత మంచి సోనార్ అయినా, ఎంత తెలివైన ప్రోగ్రాము అయినా లేని కూతని వినలేదు కదా.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. బీకన్ ఉంటే తప్పకుండా దొరికేదని అనడానికీ లేదు. 37.5 కిలోహెర్ట్జ్ శబ్దం సముద్రంలో రెండు మూడు కిలోమీటర్లు పోయేసరికే నీరసపడిపోతుంది. డోర్నియర్ పడింది కిలోమీటరు లోతున. జలాంతర్గామి కొంత దిగి, పైన తిరుగుతూ వినగలిగింది. ఏఎన్-32 వెళ్లిన దారిలో సముద్రం మూడు కిలోమీటర్లకు మించి లోతు. నీటిపై నుంచి వింటే ఆ కూత అందడమే అనుమానం. మైకుని కిలోమీటర్ల పొడవు తాడుకి కట్టి లోతున ఈడ్చుకుంటూ వెళ్లాలి, అదీ వర్షాకాలపు సముద్రంలో. అయినా నెల రోజులపాటు ఒక అవకాశం ఉండేది. అదీ లేకుండా పోయింది.

ఆ సెప్టెంబరులో, విమానంలో ఉన్నవారంతా చనిపోయినట్లు భావిస్తున్నామని కుటుంబాలకు తెలియజేశారు. ‘భావిస్తున్నాం’ అన్న మాటతో ఇంట్లో ఏం చేయాలి? మనిషి పోయాడంటే మన ఇళ్లలో పదోరోజు ఉంటుంది, పన్నెండోరోజు ఉంటుంది, ఏటా తద్దినం ఉంటుంది. వాటిలో దేనికైనా ముందు ఒక తిథి కావాలి. దేహమో, చిన్న ఆనవాలో కావాలి. ఏదీ లేనప్పుడు తలుపు చప్పుడైన ప్రతిసారీ చూపు అటే పోతుంది. కాగితం మీద కేసు మూసేసినంత తేలిగ్గా ఇల్లు ఆ పని చేయలేదు.

ఇలాంటి అనుభవాలన్నీ కలిసి కొన్ని మార్పులు తెచ్చాయి. 2009లో అట్లాంటిక్‌లో పడిన ఎయిర్ ఫ్రాన్స్ విమానం బీకన్ కూతని ఎవరూ పట్టలేకపోయారు. అది దొరకడానికి దాదాపు రెండేళ్లు పట్టింది. ఆ తర్వాత బీకన్ల ఆయువుని 30 రోజుల నుంచి 90 రోజులకు పెంచారు. సముద్రాల మీదుగా దూరాలు వెళ్లే పెద్ద ప్రయాణికుల విమానాలకైతే 8.8 కిలోహెర్ట్జ్ దగ్గర కూసే మరో బీకన్ కూడా ఉండాలన్నారు. గొంతు ఎంత బొంగురైతే నీళ్లలో అంత దూరం పోతుంది. పైగా అది మనిషి చెవికీ వినబడే శబ్దమే! ప్రోగ్రాములో మార్చాల్సింది ఒక్క స్థిరసంఖ్య.

ఏఎన్-32 జాడ మాత్రం చివరికి వేరే దారిలో దొరికింది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ లోతుల్లోకి తనంతట తాను వెళ్లి తిరిగే యంత్రాన్ని సముద్రంలోకి పంపింది. దానికి ఎవరి కూతా అక్కర్లేదు. తనే శబ్దం పంపి, ప్రతిధ్వని విని, అడుగు బొమ్మ గీసుకుంటుంది. అనుమానం వచ్చిన చోట ఫొటోలూ తీస్తుంది. అది తెచ్చిన బొమ్మల్లో చెన్నై తీరానికి సుమారు 310 కిలోమీటర్ల దూరాన, 3,400 మీటర్ల లోతున విమాన శిథిలాలు కనిపించాయి. వాటి తీరు ఏఎన్-32తో సరిపోయింది. ఆ ప్రాంతంలో మరే విమానమూ గల్లంతైన దాఖలా లేదు. రక్షణశాఖ ఆ సంగతి 2024 జనవరి 12న ప్రకటించింది. విమానం తాంబరంలో లేచిన ఆ ఉదయానికి అప్పటికి ఏడేళ్ల అయిదు నెలలు దాటింది. సరిగ్గా ఏ చోటికి తిరిగి దండం పెట్టుకోవాలో విశాఖలో ఆ ఎనిమిది ఇళ్లకి తెలిసింది ఆ రోజే.